ఉద్యోగుల మానసిక పరీక్షలు: స్కోరు ఎవరి చేతిలో ఉండాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సుమారు 600 మంది పనిచేసే సంస్థలో మీరు హెచ్‌ఆర్ బాధ్యతలు చూస్తున్నారు. ఏడాది కాలంగా సెలవులు, రాజీనామాలు పెరిగాయి. ఉద్యోగులకు అండగా నిలబడాలన్న మంచి ఉద్దేశంతోనే యాజమాన్యం ఏటా అందరికీ మానసిక పరీక్షలు జరిపించాలని అనుకుంటోంది. ఏ పరీక్షలు ఎంచుకోవాలి, వాటిని తప్పనిసరి చేయవచ్చా, ఫలితాలను మేనేజర్లకు చూపించవచ్చా అని అడిగారు. సంస్థల్లో మనస్తత్వ నిపుణురాలిగా ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే జవాబిస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. తప్పనిసరి చేయవద్దు. ఏ ఒక్కరి వ్యక్తిగత స్కోరూ మేనేజర్లకు చేరకూడదు, మీ విభాగానికీ చేరకూడదు. ఇక ఏ పరీక్ష అన్నది చివర తేల్చుకోవలసిన విషయం. మొదట కొలవవలసింది ఉద్యోగులు చేస్తున్న పనిని. వారి మనసు సంగతి ఆ తర్వాత, అదీ కోరుకున్నవారికి మాత్రమే.

మానసిక పరీక్ష అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని పనిముట్లు చాలా కలిసిపోయాయి. కుంగుబాటు, ఆందోళన లక్షణాలను వడపోసే ప్రశ్నావళులు, పని పరిస్థితులను కొలిచే సర్వేలు, వ్యక్తిత్వ పరీక్షలు, జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ పరీక్షించే సాధనాలు, ఒక మనిషి ఫలానా ఉద్యోగానికి తగునా తగడా అని తేల్చే పరీక్షలు, ఇవన్నీ వేటికవే వేరు. ఈ ప్రశ్నావళుల చరిత్ర మొదలైందే ఏరివేతతో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మనస్తత్వవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ అమెరికా సైన్యం కోసం అవును, కాదు అని జవాబివ్వవలసిన ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ఫిరంగి మోతల మధ్య మానసికంగా కుప్పకూలే అవకాశమున్న సైనికులను ముందే గుర్తించి పక్కన పెట్టడం దాని ప్రయోజనం. వందేళ్లు గడిచినా, సంస్థ చేతి నుంచి ఇలాంటి కాగితం అందగానే ఉద్యోగి మనసులో మొదట మెదిలేది ఆ ఏరివేత భయమే. అది అనవసరమైన భయమని కొట్టిపారేయకండి. ఒకే కాగితంతో సాయమూ చేస్తాం, పదోన్నతీ నిర్ణయిస్తాం అనే సంస్థలను నేను చూశాను, అక్కడ భయపడినవారే సరైనవారు. అందుకే సహాయం కోసం చేసే అంచనా, ఎంపిక కోసం చేసే అంచనా ఒకే గుమ్మం గుండా రాకూడదు. చేసేవారు వేరు కావాలి, దాచే చోటు వేరు కావాలి, ఒకదాని ఫలితం రెండోదానిలోకి వెళ్లదని రాతపూర్వకంగా చెప్పాలి.

ఇప్పుడు మీ యాజమాన్యం ఆలోచనకు వద్దాం. అందరికీ కుంగుబాటు ప్రశ్నావళి ఇచ్చి, ఎక్కువ స్కోరు వచ్చినవారిని పిలిపించి సాయం చేద్దాం అనేది వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. లెక్క వేసి చూస్తే చిక్కు తెలుస్తుంది. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కుంగుబాటు ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 లో తొమ్మిది ప్రశ్నలుంటాయి, గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా కలిగిందో 0 నుంచి 3 వరకు గుర్తించాలి, మొత్తం 27. సాధారణంగా 10 గానీ అంతకు మించి గానీ వస్తే మరింత పరిశీలన కావాలంటారు. 2001లో దాన్ని ప్రకటించిన అధ్యయనంలో ఆ 10 గీత దగ్గర, తీవ్ర కుంగుబాటు ఉన్నవారిలో 88 శాతాన్ని అది పట్టుకుంది, లేనివారిలో 88 శాతాన్ని సరిగా వదిలిపెట్టింది. ప్రశ్నావళిగా ఇది చాలా మంచి పనితనమే. మీ 600 మందిలో నూటికి ఐదుగురి చొప్పున 30 మందికి నిజంగా కుంగుబాటు ఉందనుకుందాం. వారిలో 26 మంది దొరుకుతారు, నలుగురు తప్పిపోతారు. మిగిలిన 570 మందిలో 12 శాతం, అంటే దాదాపు 68 మంది, ఆ జబ్బు లేకుండానే గీత దాటుతారు. అంటే మీరు పిలిపించే 94 మందిలో నిజంగా ఆ జబ్బు ఉన్నది నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. మిగిలిన మూడు వంతుల మందికి సంస్థ తమను మానసిక రోగులుగా గుర్తించిందన్న కలవరం మిగులుతుంది. ఆ 94 మందితోనూ నెల తిరిగేలోగా ఒక్కొక్కరుగా కూర్చుని గంటసేపు మాట్లాడగల నిపుణులు మీ వద్ద ఉన్నారా? లేకపోతే ఆ ప్రశ్నలు అడిగే హక్కు సంస్థకు లేదనే నేను గట్టిగా నమ్ముతాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉద్యోగంలో ఉన్నవారికి ఇలాంటి వడపోత పరీక్షలు జరపడం వల్ల కలిగే మేలు, కీడును మించుతుందో లేదో స్పష్టంగా లేనందున, చేయమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అదే పత్రం మేనేజర్లకు శిక్షణ ఇవ్వడాన్నీ, పని పరిస్థితులను మార్చే చర్యలనూ మాత్రం సిఫారసు చేసింది. మీ యాజమాన్యానికి ఈ ఒక్క తేడా చూపించినా చర్చ దారి మారుతుంది.

స్కోరు గీత దాటిందంటే అర్థమేమిటో దగ్గరగా చూపించే సంఘటన ఒకటి చెబుతాను. ఒక కర్మాగారంలో యంత్రాల దగ్గర షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగి, తనంతట తానుగా పీహెచ్‌క్యూ-9 నింపి నా దగ్గరకు తెచ్చారు. మొత్తం సరిగ్గా 10. మొత్తం మాత్రమే చూసి ఉంటే నేను ఆయనను వైద్యుడి దగ్గరకు పంపేదాన్ని. విడివిడిగా చూస్తే నిద్రకు 3, నీరసానికి 3, ఆకలికి 2, ఏకాగ్రతకు 2. పనులపై ఆసక్తి తగ్గడం, మనసు దిగులుగా ఉండడం అనే మొదటి రెండు ప్రశ్నలకూ సున్నా. ఆ రెంటిలో ఒక్కటైనా బలంగా లేకుండా కుంగుబాటు అని నిర్ధారించరు. ఇలాంటి సంభాషణను నేను ఎప్పుడూ స్కోరుతో మొదలుపెట్టను. "ఇది నింపుతున్నప్పుడు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారు?" అని అడుగుతాను. ఆయన వేలు మూడో ప్రశ్న మీద పెట్టి, "నిద్ర పట్టడం లేదా అని అడిగారండీ. పడుకోవడానికి టైమ్ ఉంటే కదా పట్టేది" అన్నారు. జేబులోంచి షిఫ్టుల పట్టిక తీసి చూపించారు. మూడు రోజులు రాత్రి, తర్వాత మూడు రోజులు మధ్యాహ్నం, తర్వాత మూడు రోజులు ఉదయం. గడియారానికి ఎదురు తిరిగే క్రమం. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి పదికి ముగిస్తే, ఉదయం షిఫ్టు ఆరింటికి మొదలవుతుంది. మధ్యలో ఎనిమిది గంటలు, అందులో ప్రయాణం, తిండి, స్నానం అన్నీ పోను నిద్రకు మిగిలేది నాలుగు గంటలు.

ఆయనకు కావలసింది కౌన్సెలింగ్ కాదు, పట్టిక మారడం. ఆయన అనుమతితో, పేరు గానీ స్కోరు గానీ బయట పెట్టకుండా, ఆ విభాగం షిఫ్టుల క్రమాన్ని సమీక్షించమని కర్మాగారం యాజమాన్యాన్ని అడిగాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే ముందుకు సాగే క్రమం శరీరానికి తేలిక, ఎందుకంటే మన లోపలి గడియారం త్వరపడడం కంటే ఆలస్యం కావడానికే సులభంగా ఒప్పుకుంటుంది. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలని ఐరోపా సమాఖ్య పని వేళల నిబంధన ఎప్పటినుంచో చెబుతోంది. కొత్త పట్టిక వచ్చిన రెండు నెలల తర్వాత ఆయనే మళ్లీ వచ్చి కాగితం నింపారు, ఈసారి 4. ఆయనతో పాటు అదే పట్టికలో నలిగిపోయిన మిగతావారు అసలు ఏ ప్రశ్నావళీ నింపకుండానే బాగుపడ్డారు. ఉద్యోగికి మానసిక పరీక్ష అండగా నిలవడమంటే నా దృష్టిలో ఇదే: కాగితం మీద కనబడిన అలసట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పని దాకా వెళ్లడం.

అందుకే మొదట పనిని కొలవమంటున్నాను. దీనికి అర్ధ శతాబ్దంగా గట్టి పునాది ఉంది. రాబర్ట్ కారాసెక్ 1979లో చెప్పిన నమూనా ప్రకారం ఒత్తిడి పెరిగేది పని భారం ఎక్కువై, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువైన చోట. యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో పెట్టే శ్రమకూ దక్కే ప్రతిఫలానికీ మధ్య పొంతన లేకపోవడాన్ని మరో మూలంగా చూపించారు. ప్రతిఫలమంటే జీతం మాత్రమే కాదు, గౌరవం, ఉద్యోగ భద్రత, ఎదుగుదల కూడా. ఈ ఆలోచనలన్నిటినీ ఒకచోట చేర్చి డెన్మార్క్ పరిశోధకులు రూపొందించిన కోపెన్‌హాగన్ మానసిక సామాజిక ప్రశ్నావళి అనేక దేశాల్లో వాడుకలో ఉంది. మూడో రూపం 2019లో వచ్చింది. అందులోని ప్రశ్నలు పని గడువుల గురించి, పై అధికారి ఆసరా గురించి, పాత్ర స్పష్టత గురించి, న్యాయంగా చూస్తున్నారా అన్న దాని గురించి ఉంటాయి. వీటికి జవాబివ్వడానికి ఉద్యోగి తన మనసును విప్పి చూపించనక్కర్లేదు, తన పని గురించి చెబితే చాలు. పనిచోట మానసిక భద్రతపై 2021లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 45003 కూడా ఇదే దారి చూపిస్తుంది: ముందు ప్రమాదాన్ని గుర్తించండి, వీలైతే మూలం దగ్గరే తొలగించండి.

బర్నవుట్, అంటే పని వల్ల మనిషి పూర్తిగా అలసి ఉత్సాహం ఉడిగిపోయే స్థితి, దాని కొలత గురించి కూడా మీరు ప్రస్తావించారు కాబట్టి ఒక మాట. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన 22 ప్రశ్నల సాధనం భావోద్వేగపు అలసట, ఎదుటివారి పట్ల ముభావం, సాధించామన్న భావన అనే మూడింటిని విడివిడిగా కొలుస్తుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే అంకె చేసి, ఇంత దాటితే బర్నవుట్ అని ముద్ర వేయడం దాన్ని తప్పుగా వాడడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వ్యాధి వర్గీకరణ, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ఐసీడీ-11, బర్నవుట్‌ను జబ్బుగా కాక, సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తి సంబంధమైన పరిస్థితిగా పేర్కొంది. నిర్వచనంలోనే పని ఉంది. అలాంటప్పుడు ఆ స్కోరును ఉద్యోగి దస్త్రంలో పెట్టడం అన్యాయం. అది చేరవలసింది ఆ పనిని నడిపిస్తున్నవారి బల్ల మీదికి, అదీ విభాగం సగటుగా.

విభాగం సగటు అన్నాను గనుక, గోప్యత విషయంలో మంచి ఉద్దేశమున్నవారే జారిపడే చోటు చూపిస్తాను. పేర్లు తీసేశాం, చిన్న బృందాల ఫలితాలు దాచేశాం, ఇంకేం కావాలి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రేయస్సు సూచిక ఐదే ప్రశ్నలది, 0 నుంచి 100 వరకు స్కోరు, ఎక్కువైతే మంచిది, 50 గానీ అంతకు తక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. ఒక విభాగంలో 40 మంది, సగటు 52 అని నివేదికలో వచ్చింది. అందులో పెద్ద బృందం 34 మంది, సగటు 58. ఆరుగురి చిన్న బృందం ఫలితాన్ని దాచారు. కానీ 40ని 52తో గుణిస్తే 2080, 34ని 58తో గుణిస్తే 1972. తేడా 108, దాన్ని ఆరుతో భాగిస్తే 18. దాచామనుకున్న అంకె ఐదు నిమిషాల్లో బయటపడింది. ఆ ఆరుగురూ తీవ్రమైన ఇబ్బందిలో ఉన్నారని ఇప్పుడు వారి మేనేజర్‌కు తెలుసు, బహుశా ఆ ఇబ్బందికి మూలం ఆ మేనేజరే కావచ్చు. కాబట్టి పదిమంది కంటే తక్కువున్న బృందాన్ని దాస్తే సరిపోదు, తీసివేతతో అది బయటపడకుండా పక్క బృందం ఫలితాన్నీ దాచాలి, లేదా రెండింటినీ కలిపి మాత్రమే చూపించాలి. వయసు, హోదా, ఎన్నేళ్ల అనుభవం అని మూడు నాలుగు వివరాలు అడిగితే పేరు అడగనక్కర్లేదు, మనిషి తెలిసిపోతాడు. నివేదికకు నిజంగా అవసరం లేని వివరం ఒక్కటి కూడా అడగవద్దు.

తప్పనిసరి చేస్తే ఏమవుతుందో కూడా నా కళ్లతో చూశాను. ఒక సంస్థలో ప్రశ్నావళి మీద ఉద్యోగి సంఖ్య ముద్రించి, సాయంత్రంలోగా నింపి ఇవ్వాలన్నారు. ఒక విభాగం నుంచి వచ్చిన కాగితాలన్నిటిలో అన్ని ప్రశ్నలకూ సున్నా. ఆ విభాగం ఎంతో ఆరోగ్యంగా ఉందని యాజమాన్యం సంతోషించింది. రెండు వారాల పాటు నిద్ర ఒక్క రాత్రయినా చెదరని, ఒక్క రోజయినా నీరసం రాని మనుషులు ముప్పై మంది ఒకేచోట ఉండరు. ఆ సున్నాలు చెప్పినది భయం గురించి మాత్రమే. వారిలో ఒకరు తర్వాత నాతో, "నిజం రాస్తే వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియదు కదా మేడమ్" అన్నారు. జీతం ఇచ్చే చేయి అడిగినప్పుడు వద్దనగలిగే స్వేచ్ఛ ఉద్యోగికి పూర్తిగా ఉండదు. అందుకే సంతకం తీసుకుంటే అంగీకారం వచ్చినట్టు కాదు. పాల్గొనని వారెవరో మీకు తెలియకుండా ఉండే ఏర్పాటు చేసినప్పుడే అది స్వచ్ఛందం అవుతుంది. వ్యక్తిగత స్కోర్లు సంస్థ సర్వర్లలో కాక బయటి నిపుణుల వద్ద ఉండాలి, ఎంతకాలం ఉంచి ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పాలి. మీ దేశంలో ఆరోగ్య సమాచారానికి సంబంధించిన చట్టం ఏముందో న్యాయవాదితో ఒకసారి సరిచూసుకోండి.

ఒక విషయంలో మాత్రం నేను ఏ మాత్రం రాజీపడను. పీహెచ్‌క్యూ-9 లో తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. నన్ను సలహాకు పిలిచిన ఒక చోట అప్పటికే ఆన్‌లైన్‌లో ఈ ప్రశ్నావళి నడుస్తోంది. ఒకరు శుక్రవారం సాయంత్రం ఆ ప్రశ్నకు, దాదాపు ప్రతిరోజూ అని గుర్తించారు. ఆ జవాబును ఒక మనిషి చదివింది మంగళవారం. ఆ ఉద్యోగి క్షేమంగానే ఉన్నారు, తర్వాత చికిత్స తీసుకుని కోలుకున్నారు, కానీ ఆ నాలుగు రోజులు తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. తన మనసులోని అతి కష్టమైన మాటను ఒకరు బయట పెడితే, అవతల వినేవారే లేరు. ఆ ప్రశ్న అడిగితే అదే రోజు ఫోన్ చేయగల శిక్షణ పొందిన వ్యక్తి ఉండాలి, సెలవు రోజుల్లో కూడా. ఏ సందర్భంలో గోప్యతను దాటి మరొకరికి చెప్పవలసి వస్తుందో ఉద్యోగికి మొదటి పేజీలోనే తెలియాలి. అత్యవసర సహాయ నంబరు ఆ ప్రశ్న పక్కనే కనబడాలి. ఈ ఏర్పాటు లేని సంస్థకు శ్రేయస్సు సూచిక వంటి, ఆ ప్రశ్న లేని సాధనమే నేను సూచిస్తాను. అయితే ఆ ప్రశ్న అడగడం వల్లే ఆలోచన పుడుతుందనే భయం మాత్రం పెట్టుకోకండి. అడగడం హాని చేయదని పరిశోధనలు పదేపదే చూపించాయి. హాని చేసేది అడిగి వదిలేయడం.

సాధనాన్ని ఎంచుకునేటప్పుడు అందులోని మాటలను ఒక్కొక్కటిగా చదవండి. చాలామంది మొత్తం స్కోరు పట్టిక చూసి సరిపెట్టుకుంటారు. ఉదాహరణకు డేవిడ్ గోల్డ్‌బెర్గ్ 1970ల్లో రూపొందించిన సాధారణ ఆరోగ్య ప్రశ్నావళి చాలా సంస్థల్లో వాడతారు. దిగులు వల్ల నిద్ర చెడిందా అన్న ప్రశ్నకు అందులో ఒక జవాబు, ఎప్పటికంటే ఎక్కువేమీ కాదు అని ఉంటుంది. రెండేళ్లుగా నిద్రలేని మనిషి నిజాయితీగా అదే గుర్తిస్తే, మామూలు లెక్కింపులో దానికి సున్నా. కొత్తగా వచ్చిన బాధను ఆ సాధనం బాగా పట్టుకుంటుంది, పాతబడిపోయిన బాధను వదిలేస్తుంది. మీ సంస్థలో ఇబ్బంది ఏళ్ల నాటిదైతే ఇది మీకు పనికిరాదు. భాష సంగతీ అంతే. ఉద్యోగులు ఇంట్లో మాట్లాడే భాషలోకి ఎవరో ఆఫీసులో కూర్చుని అనువదించిన ప్రశ్నావళికి అసలు సాధనపు గీతలు వర్తించవు. ఆ భాషలో పరీక్షించి ప్రకటించిన రూపం ఉందేమో చూడండి. బాధను తల భారం, ఒళ్లు నొప్పులు, గుండె దడ అని చెప్పుకునేవారికి దిగులుగా ఉందా అన్న ప్రశ్న అసలు తగలకపోవచ్చు.

మనుషులను పదహారు రకాలుగానో నాలుగు రంగులుగానో విడగొట్టే పరీక్షల గురించి అడిగారు. బృందంలో మాటలు కలపడానికి అవి ఒక మధ్యాహ్నం ఉపయోగపడవచ్చు. సహాయానికి వాటిని ఆధారం చేసుకోవద్దు. మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 1948లో 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ విశ్లేషణ అని చెప్పి అందరికీ ఒకే కాగితం పంచితే, అది తమకు ఎంత సరిపోయిందో 5కి సగటున 4.26 వేశారు. నా గురించే రాసినట్టుంది అన్న అనుభూతి పరీక్ష నాణ్యతకు రుజువు కాదు.

దీనికి పూర్తిగా భిన్నంగా, ఒక్కరి కోసం, వారు కోరుకున్నప్పుడు, నిపుణులు స్వయంగా కూర్చుని చేసే అంచనా మాత్రం జీవితాలను నిలబెట్టగలదు. మీ యాజమాన్యం డబ్బు పెట్టదలచుకుంటే దీని మీద పెట్టమని చెప్పండి. తలకు దెబ్బ తగిలి కోలుకుని తిరిగి పనిలో చేరిన ఒక ఉద్యోగిని గురించి, ఆమె సోమరి అయిపోయిందనీ, చెప్పినవి మరిచిపోతోందనీ సహోద్యోగులు అనుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఆమె కూడా అదే నమ్మింది. మూడు గంటల పరీక్షలో తేలింది ఏమిటంటే, ఆలోచించే శక్తి, భాష, తర్కం అన్నీ చెక్కుచెదరలేదు, సమాచారాన్ని అందుకునే వేగం మాత్రం తగ్గింది. అంకెలను వరుసగా చెబితే తిరిగి చెప్పగలిగింది. పక్కన మరో పని పెడితే జారిపోయాయి. పరీక్ష ముగిశాక ఆ ఫలితాల రేఖాచిత్రాన్ని ఆమె ముందే పెట్టి వివరించినప్పుడు, ఆ ఒక్క గుంట మీద వేలు పెట్టి, "అంటే నేను తెలివి తక్కువదాన్ని కాలేదన్నమాట" అని ఏడ్చింది. మేనేజర్‌కు వెళ్లిన కాగితంలో పరీక్ష పేరు లేదు, స్కోరు లేదు, జబ్బు పేరు కూడా లేదు. నాలుగే వాక్యాలు: సూచనలు నోటితో కాకుండా రాసి ఇవ్వండి, సమావేశాలు వరుసగా రెండు పెట్టకండి, ఉదయం రెండు గంటలు ఫోన్ లేని చోట పనిచేయనివ్వండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం. ఆ కాగితాన్ని పంపే ముందు ఆమె చదివి ఒక మాట మార్చమన్నది, మార్చాను. పెద్దయ్యాక బయటపడే చదువులో ఇబ్బందులకూ, ఏకాగ్రత లోపానికీ కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఫలితాన్ని మళ్లీ కొలిచేటప్పుడు ఒక పొరపాటు జరగకుండా చూసుకోండి. ఎక్కువ స్కోరు వచ్చినవారినే ఎంచుకుని శిబిరం నిర్వహించి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే స్కోరు తగ్గే ఉంటుంది, శిబిరం ఏమీ చేయకపోయినా. మనుషులు తమ అతి కష్టమైన వారంలో ప్రశ్నావళి నింపితే, తర్వాతి కొలతలో సహజంగానే సగటు వైపు జరుగుతారు. అందుకే ఒక విభాగంలో ముందు, మరో విభాగంలో ఆరు నెలల తర్వాత మార్పు అమలు చేసి, రెండింటినీ ఒకే సమయంలో కొలిస్తే ఏది నిజమైన మార్పో తెలుస్తుంది. స్కోర్లతో పాటు సెలవులు, రాజీనామాలు, అదనపు గంటల లెక్కలు కూడా పక్కన పెట్టుకోండి; అవి మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, వాటికి ఎవరినీ కొత్తగా ఏమీ అడగనక్కర్లేదు. నిజానికి మీరు రేపు ఉదయం మొదలుపెట్టవలసింది కూడా అక్కడే: గత ఏడాది రాజీనామాలను విభాగాల వారీగా, మేనేజర్ల వారీగా, షిఫ్టుల వారీగా విడదీసి చూడండి.

ఆ తర్వాత పని పరిస్థితుల సర్వేకు ఉద్యోగుల ప్రతినిధులను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి, ప్రశ్నలు ఖరారు చేసే ముందే. అందరికీ పంపే లేఖ ఎలా ఉండాలని కూడా అడిగారు. నేను వాడేది ఇలా ఉంటుంది, మీ అవసరానికి మార్చుకోండి: "ఈ ప్రశ్నలు మీరు చేస్తున్న పని గురించి. జవాబివ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఎవరు ఇవ్వలేదో సంస్థకు తెలియదు. మీ జవాబులు బయటి నిపుణుల వద్ద ఉంటాయి, ఏడాది తర్వాత చెరిపేస్తారు. పదిమంది కంటే తక్కువున్న ఏ బృందం ఫలితమూ ఎవరికీ చూపించం. ఆరు వారాల్లో ఫలితాలను యాజమాన్యానికీ మీకూ ఒకే రోజు చెబుతాం. అందులో బయటపడిన మొదటి మూడు సమస్యలపై ఏం చేస్తామో, ఏది చేయలేమో, ఎందుకు చేయలేమో ఆ తర్వాత నెల లోపు రాసి ఇస్తాం. మీ కోసం విడిగా నిపుణులతో మాట్లాడాలనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆ సంభాషణ సంగతి మాకు చేరదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే ఆ నిపుణులు మరొకరి సాయం తీసుకుంటారు, అదీ ముందుగా మీకు చెప్పే ప్రయత్నం చేసి." ఈ లేఖలోని ప్రతి వాక్యానికీ యాజమాన్యం సంతకం చేయడానికి ఒప్పుకుంటే సర్వే మొదలుపెట్టండి. ఏ వాక్యం దగ్గర కలం ఆగుతుందో, ముందు ఆ విషయం మీదే వారితో కూర్చుని మాట్లాడండి.